తెగులెరుగని మందు

గత సార్వా ఊడ్పులు ముగియవచ్చిన దినములలో మేము కొల్లేటి యంచుననున్న యొక గ్రామమునకు పనిమీద పోయి, సంఘపు గోదాము అరుగుపై కూర్చుండి యెరువుల పద్దు చూచుచుంటిమి. అప్పుడు సంఘ సభ్యుడొకడు, నలువది యేండ్లవాడు, తలకు తువాలు చుట్టుకొని వచ్చి మా ప్రక్కన కూలబడెను. ముందటి దినమునుండి జ్వరమనియు, ఒళ్లంతయు విరుగగొట్టినట్లున్నదనియు, ముఖ్యముగా పిక్కలు ముట్టుకొననిచ్చుట లేదనియు చెప్పెను. "ఊడ్పుల బడలిక. రెండు దినములు పడుకొనుము, తగ్గును" అని మేమంటిమి. అతడును "అంతే అయ్యుండునండి" యని యింటికి పోయి, అన్నగారి పాతజ్వరమునాడు మిగిలిన బిళ్లలు రెండు మ్రింగి పడుకొనెను.

ఐదవ దినమునకు కన్నులు మొదట ఎర్రబారి, పిదప పచ్చబడినవి. మూత్రము తగ్గిపోయినది. ఇంటివారు భయపడి ఆటోలో ఏలూరు తీసికొనిపోయిరి. అచట వైద్యుడు జ్వరమెంత యని చూచుటకు ముందే అడిగిన ప్రశ్నలు రెండు: "ఏ నీటిలో దిగి పనిచేసితివి? కాళ్లకు గాయములేమైన నున్నవా?" అతని మడమలు ఊడ్పునీటిలో నాని పగిలియుండెను. అది బడలిక కాదు, ఎలుకజ్వరము. మూత్రపిండములు దెబ్బతిని, పదునారు దినములు ఆసుపత్రిలో నుండి అతడు బ్రతికి వచ్చెను. బ్రతికెను గాని దాళ్వా సేద్యము చేయలేకపోయెను. చేను కౌలుకిచ్చెను.

ఈ వ్యాసము వ్రాయుటకు కారణ మా రెండు ప్రశ్నలే. ఏ రైతైనను ఎండిన యాకొకటి తెచ్చి చూపినయెడల, మేము వెంటనే మందు పేరు చెప్పము. ఏ రకము, ఏ చేను, నీరు నిలిచినదా, యూరియా ఎంత చల్లితివి, ప్రక్కచేనిలో నెట్లున్నది అని యడిగియడిగి, అప్పుడుగాని నోరు విప్పము. ఆకుకు చూపిన యీ జాగ్రత్త మనిషికి చూపకపోతిమి. పిక్కల నొప్పి యని అతడు చెప్పనే చెప్పెను. వినియు మేము వినలేదు.

పొలములో మూడు తెగుళ్లు

మన సభ్యులకు వైద్యశాస్త్రము క్రొత్తగాని తెగుళ్ల శాస్త్రము క్రొత్త కాదు. వరిచేనిలో మూడు విధములైన శత్రువులను మీరెల్లరు నెరుగుదురు. అగ్గితెగులు బూజు జాతి వలన కలుగును. ఆకుపై నూలుకండె ఆకారమున మచ్చలు, నడుమ బూడిదరంగు, అంచున గోధుమరంగు. ఎండాకు తెగులు బాక్టీరియా వలన కలుగును. ఆకు కొననుండి అంచులవెంబడి అలలవలె పసుపెక్కి గడ్డిరంగునకు తిరుగును. టుంగ్రో వైరసు వలన కలుగును. దుబ్బు గిడసబారి, ఆకులు నారింజరంగు పొందును. దానిని చేనునుండి చేనికి మోయునది పచ్చదీపపు పురుగు.

ఈ మూడింటికిని ఒకే మందు లేదు. అగ్గితెగులు మందు ఎండాకు తెగులుపై చల్లినచో డబ్బు నీళ్లలో పోసినట్లే. టుంగ్రో పట్టిన దుబ్బును బాగుచేయు మందే లేదు. పురుగు నరికట్టుట, తట్టుకొను రకము వేయుట, తెగులు దుబ్బులను పెరికివేయుట మాత్రమే దానికి చికిత్స. ఎండాకు తెగులును గుర్తించుటకు చేనిగట్టున చేయదగిన పరీక్ష యొకటి కలదు. తెగులున్న యాకును తెగులు అంచువద్ద కత్తిరించి, గాజుగ్లాసులోని తేటనీటిలో ముంచి నిలిపినయెడల, కొంతసేపటికి కోసిన చోటునుండి పాలవంటి తీగ దిగును. ఆ పాలతీగయే లక్షలకొలది బాక్టీరియా. సూక్ష్మదర్శిని లేనివానికి దేవుడిచ్చిన సూక్ష్మదర్శిని ఆ గ్లాసు.

మనిషి శరీరమును ఇట్టి చేనే. బాక్టీరియా, వైరసు, బూజు అను నీ మూడు జాతులును మనిషిని బాధించును. వాని పరిమాణములోను, బ్రతుకుతెరువులోను, మందులోను భేదము కలదు. ఆ భేద మెరుగకపోవుటచే మన గ్రామములలో ధనము, కాలము, ఒకప్పుడు ప్రాణమును పోవుచున్నవి.

ఎలుకజ్వరము

బాక్టీరియా ఒంటికణము గల జీవి. సామాన్యముగా మిల్లీమీటరులో వేయవ వంతు పొడవుండును. దానికి సొంత గోడ, సొంత వంటయిల్లు కలవు. తిండి దొరికినచో ఒకటి రెండై, రెండు నాలుగై తానే పెరుగును. ఒక్కొక్క రోగమునకు ఒక్కొక్క జీవి కారణమని రుజువుచేసినవారిలో ముఖ్యుడు జర్మను వైద్యుడు రాబర్టు కాక్. ఆయన 1876లో పశువుల దొమ్మరోగమునకును, 1882లో క్షయకును కారణమైన జీవులను చూపెను. 1884లో కలకత్తాలో చెరువునీటిని పరీక్షించి కలరా జీవిని నిశ్చయించెను.

ఎలుకజ్వరమునకు కారణము లెప్టోస్పైరా యను, మరతీగవలె మెలికలు తిరిగిన బాక్టీరియా. దీనిని 1915లో జపానుదేశమున ఇనాడా, ఈడో అను వైద్యులు కనుగొనిరి. ఇది ఎలుకల మూత్రపిండములలో కాపురముండి, మూత్రముతో బయటికి వచ్చును. పశువులు, పందులు, కుక్కలును దీనిని మోయగలవు. నిలిచిన నీటిలోను తడిమట్టిలోను వారములకొలది బ్రతికియుండును. నానిన చర్మమునుండి, పగిలిన మడమనుండి, కంటిపొరనుండి శరీరములోనికి జొచ్చును. సామాన్యముగా వారము పది దినములకు జ్వరము, తలనొప్పి, పిక్కల నొప్పి, కన్నుల ఎరుపు కనబడును. కొందరిలో కామెర్లును మూత్రపిండముల దెబ్బయు కలుగును. కొల్లేటి చుట్టుపట్ల వరద దిగిన పిదప ఎలుకలు గట్లమీదికి చేరును. ఊడ్పుకూలీలు ఆ నీటిలోనే దినమంతయు నిలుతురు. ఎలుక మన ధాన్యమును మాత్రమే తినుచున్నదని మన లెక్క. అది మన నీటినిగూడ పాడుచేయుచున్నదని యిపుడు చేర్చుకొనవలెను.

ఇందు శుభవార్త యేమనగా, మొదటి దినములలోనే పోల్చుకొన్నయెడల ఇది లొంగు జబ్బు. డాక్సీసైక్లిను, పెన్సిలిను వంటి మందులు దీనిపై బాగుగా పనిచేయును. ఆలస్యమే దీనికి బలము. మా సభ్యుడు పోగొట్టుకొన్న ఐదు దినముల విలువ యెంతయో ఇపుడు మీకు తెలిసియుండును.

కోళ్ల వైరసు

వైరసు కథ పొగాకు చేనిలో మొదలయ్యెను. 1892లో రష్యా శాస్త్రజ్ఞుడు ఇవనోవ్‌స్కీ, మొజాయికు తెగులు పట్టిన పొగాకు రసమును, బాక్టీరియాను దాటనీయని పింగాణి జల్లెడగుండ వడకట్టెను. వడకట్టిన రసమును మంచి మొక్కకు పూయగా దానికిని తెగులు వచ్చెను. జల్లెడ దాటిన యీ వస్తువునకు 1898లో హాలెండు దేశపు బైజెరింకు వైరసు అని పేరుపెట్టెను. జంగారెడ్డిగూడెము ప్రాంతపు పొగాకు రైతులు చేతులు కడుగుకొనకుండ మొక్కలు తాకరాదని మేము చెప్పుటకు కారణమిదియే. ఆ తెగులు చేతులవెంట నడచును.

వైరసు తనంత తాను బ్రతుకలేదు. కోయిల కాకిగూటిలో గ్రుడ్డు పెట్టినట్లు, అది మన శరీరకణములో చేరి, ఆ కణముచేతనే తన సంతతిని పెంచుకొనును. దానికి సొంత గోడ లేదు, సొంత వంటయిల్లు లేదు. బాక్టీరియా గోడను, వంటయింటిని పడగొట్టు మందులు వైరసుపై పనిచేయకపోవుటకు మూలమిదియే. జలుబునకును, డెంగీ జ్వరమునకును యాంటీబయోటిక్కు బిళ్ల మ్రింగుట టుంగ్రోకు అగ్గితెగులు మందు చల్లుట వంటిది. వైరసులను మనుష్యజాతి గెలిచినది ఎక్కువగా టీకాలచేతనే. మశూచి లోకమునుండి తొలగినదని 1980లోను, రిండర్‌పెస్టు అను పశువుల మహామారి తొలగినదని 2011లోను ప్రకటింపబడెను.

2025 ఫిబ్రవరిలో మన ఉంగుటూరు మండలపు బాదంపూడిలోను, తణుకు దగ్గర వేల్పూరులోను కోళ్లు రాశులుగా చచ్చినది మీకు తెలియును. నమూనాలను భోపాలులోని జంతువ్యాధుల ప్రయోగశాలకు పంపగా, అది హెచ్5ఎన్1 అను పక్షిజ్వరపు వైరసని తేలెను. రోగము పుట్టిన చోటికి ఒక కిలోమీటరు పరిధిలో కోళ్లను చంపి పూడ్చిరి. పది కిలోమీటర్ల వరకు కావలి పెట్టిరి. మందు వేసి యేల బాగుచేయరాదని కొందరు పెంపకదారులు మమ్మడిగిరి. వైరసు పట్టిన షెడ్డుకు మందు లేదు, దారి మూయుటయే మందు. నీటిపక్షులు ఈ వైరసును దూరదేశములకు మోయగలవు. కొల్లేరు వంటి వలసపక్షుల విడిది ప్రక్కన కోళ్లు పెంచు మనము, బయటిపక్షి వ్రాలు నీటిని షెడ్డులోనికి తేకుండుట, షెడ్డుకు వేరుగా చెప్పులుంచుట, చచ్చినకోడిని కాలువలో వేయకుండుట నేర్చుకొనవలెను. బాగుగా ఉడికిన మాంసము, గ్రుడ్డు తినుటవలన ఈ వైరసు రాదు. పచ్చిమాంసమును పిల్లల చేతికందనీయరాదు. 2025 మార్చిలో పల్నాడు ప్రాంతపు పసిబిడ్డయొకతె ఈ వైరసుచేతనే మరణించినది.

బూజు

మూడవ శత్రువు బూజుజాతి. ఇది నిదానస్థుడు. తడిబట్టతో దినమంతయు నుండు రైతుకు గజ్జలలోను, నడుమునను, కాలివ్రేళ్ల సందులను పుట్టు తామర ఈ జాతిదే. దీనికి మందు కలదు, కాని వారములకొలది విడువక పూయవలెను. మనవారు చేయు పొరపాటు వేరు. దుకాణములో దొరకు స్టెరాయిడు కలిసిన పూతమందు పూసినచో మూడు దినములలో దురదయు ఎరుపును తగ్గును. తగ్గినదనుకొందుము. లోపల బూజు మాత్రము కాపలా తీసివేసిన చేనిలో పశువువలె మేయుచుండును. కొన్నినెలలకు తామర ఒడలంతయు ప్రాకి, ఏ మందుకును త్వరగా లొంగదు.

2021లో కరోనా రెండవ విడతనాడు, మధుమేహము గలవారిలోను, స్టెరాయిడు ఎక్కువగా వాడినవారిలోను, ముక్కు కన్ను తినివేసిన బ్లాక్ ఫంగసు కూడ బూజే. ఆ బూజు మన మట్టిలోను, కుళ్లిన ఆకులలోను ఎప్పుడును ఉన్నదే. శరీరపు కట్టడి సడలినప్పుడే అది శత్రువైనది.

మట్టిలోని మందు

శత్రువులున్న మట్టిలోనే మందును కలదు. 1943లో అమెరికాలో వాక్స్‌మన్ ప్రయోగశాలలో, ఎరువువేసిన పొలపు మట్టిలోని యొక సూక్ష్మజీవినుండి స్ట్రెప్టోమైసిను లభించెను. క్షయకు అది మొదటి మంచి మందు. ఆ పిదప వచ్చిన మరియొక గొప్పమందునకు మన జిల్లాల బిడ్డ పేరు ముడిపడియున్నది. భీమవరమున 1895 జనవరి 12న జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయమునకు అధిపతిగా నుండిరి. వారి ఏలుబడిలో డగ్గరు అను వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు నలుదెసలనుండి మట్టి తెప్పించి వెదకెను. మిస్సోరి రాష్ట్రములో గడ్డి పెంచు నొక ప్రయోగపుమడి మట్టిలో బంగారువన్నె జీవి యొకటి దొరకెను. దానినుండి వచ్చిన ఆరియోమైసిను 1948లో లోకమునకు తెలుపబడెను. ఆ యేటనే ఆగస్టులో సుబ్బారావుగారు కాలముచేసిరి. మన బోదకాలు జబ్బునకు వాడు డైఈథైల్‌కార్బమజీను మందును వారి పరిశోధనాలయమునుండి వచ్చినదే. ఎలుకజ్వరమునకు వాడు డాక్సీసైక్లిను ఆరియోమైసిను కుటుంబములోనిది. కొల్లేటి గట్టు రైతును కాపాడిన మందునకు మూలపురుషుడు కొల్లేటికి పొరుగూరివాడని తలచిన మనసు పొంగును.

అట్టి మందును మనమేమి చేయుచున్నాము? చెరువులో చేప తేలినచో, రొయ్య మెతకబడినచో, ఏమి తెగులో చూడక యాంటీబయోటిక్కు బస్తా కలుపుచున్నాము. రొయ్యల తెల్లమచ్చ జబ్బు వైరసుది. దానికి ఈ మందుతో నిమిత్తమే లేదు. వరిలో ఎండాకు తెగులని స్ట్రెప్టోమైసిను, టెట్రాసైక్లిను కలిసిన పొడిని చల్లుచుండెడివారము. దోమపోటుకు ఏటేట ఒకే మందు కొట్టగా, చావని దోమ మిగిలి దాని సంతతియే చేనంతయు నిండినది మీరు చూచిరి. బాక్టీరియాకును అదే లెక్క. మందు కొద్దికొద్దిగా తగిలినప్పుడు లొంగునవి చచ్చును. లొంగనివి మిగిలి పెరుగును. పైగా ఒకదాని మొండితనమును మరియొక బాక్టీరియాకు పంచిపెట్టగల నేర్పు వానికి కలదు. చెరువులో నేర్చిన మొండితనము ఆసుపత్రి మంచమువరకు నడచి రాగలదు. ఇందుచేతనే ప్రాణాపాయమున కడపటి ఆయుధమగు కొలిస్టిను మందును, తిండికై పెంచు జంతువులకు వాడరాదని భారత ప్రభుత్వము 2019 జూలైలో నిషేధించినది. క్లోరాంఫెనికాలు, నైట్రోఫ్యూరానులు చెరువులలో వాడరాదు. వాని శేషము రొయ్యలలో కనబడినచో పరదేశమువారు సరుకు త్రిప్పిపంపుదురు. నష్టము ఒక రైతుది కాదు, రేవులోని సరుకంతటిది.

ఏలూరు నేర్పిన పాఠము

ఇక అన్ని జబ్బులకును క్రిమియే కారణమనుకొనుటయు తప్పే. 2020 డిసెంబరు 5 మొదలు ఏలూరు పట్టణములో జనులు ఉన్నట్టుండి మూర్ఛిల్లి, నురుగు గ్రక్కి పడిపోయిరి. కొలది దినములలో ఆరువందలకు పైగా ఆసుపత్రి చేరిరి. ఒక నడివయస్కుడు మొదటనే మరణించెను. కరోనా కాలము గావున జనులు క్రొత్త వైరసు వచ్చినదని వణకిరి. వైద్యులు మొదట క్రిములనే వెదకిరి. కరోనా పరీక్ష చేసిరి, లేదు. డెంగీ వంటి వైరసులను వెదకిరి, లేదు. పైగా ఆ జబ్బు ఒకరినుండి యొకరికి అంటుకొనలేదు. ఒక యింట ఒక్కరే పడిపోవుట, పెక్కుమంది ఒకటి రెండు దినములలోనే తేరుకొనుట కనబడెను. అంటురోగపు నడక అది కాదు.

అపుడు వెదకుట దారి మార్చెను. ఢిల్లీలోని ఎయిమ్స్ వారు రోగుల రక్తమున సీసము, నికెలు చూచిరి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మొదలగువారు పురుగుమందుల జాడలను కనుగొనిరి. పురుగుమందుల శేషమే ముఖ్యకారణమని డిసెంబరు 16న నిపుణులు ప్రభుత్వమునకు తెలిపిరి. అది ఏ త్రోవను అంతమందిని చేరినదో మాత్రము నిష్కర్షగా తేలలేదు.

ఈ సంగతిని రైతుపత్రికలో వ్రాయుట కొందరికి రుచింపకపోవచ్చును. పట్టణమునకు కూరగాయలు పంపువారము మనము, కాలువలకు ఎగువనున్నవారమును మనము. తప్పు ఫలానావారిదని మేమనుట లేదు. ఏ చేనిదని తేలలేదు గావున నా చేనిది కాదని నిశ్చింతగా నిద్రించుటకు ఎవ్వరికిని హక్కులేదని మాత్రమే యనుచున్నాము. కొట్టిన మందునకు కోతకు నడుమ ఉండవలసిన దినములు డబ్బాపై వ్రాసియుండును. అవి చదువుట, పంపు కాలువలో కడుగకుండుట మనచేతి పని.

సభ్యులు చేయదగినవి

ఊడ్పునీటిలో దిగునపుడు పగిలిన మడమకు గుడ్డకట్టు కట్టుకొని, దొరికినచో రబ్బరుజోళ్లు తొడుగుకొనవలెను. సాయంకాలము సబ్బుతో కాళ్లు కడుగుకొని తుడుచుకొనవలెను. గట్లమీద ఎలుకల బొరియలను ఒక్కొక్క రైతు విడివిడిగా గాక సంఘముగా చేరి ఒకే దినమున కట్టడిచేయవలెను. తాగునీరు కాచుకొనవలెను. నీళ్లవిరేచనములు పట్టినవారికి ఓఆర్‌ఎస్ ద్రావణము మొదటి గంటనుండియే త్రాగింపవలెను.

జ్వరము వచ్చినచో పాతబిళ్ల వెదకక వైద్యునివద్దకు పోవలెను. పోయి, మీరు చేసిన పని, దిగిన నీరు, తాకిన పశువు, చచ్చిన కోడి, కొట్టిన పురుగుమందు, వానినన్నిటిని వైద్యుడడుగకున్నను చెప్పవలెను. వైద్యుడు యాంటీబయోటిక్కు వ్రాసినచో, నయమైనదని నడుమ మానక, చెప్పినన్ని దినములు మ్రింగవలెను. వ్రాయకున్నచో, వ్రాయుమని పట్టుపట్టరాదు. చెరువుమందు మనిషికి, మనిషిమందు చెరువునకు వాడరాదు.

మా సభ్యుడు మొన్న సంక్రాంతి దాటిన పిదప గోదామునకు వచ్చెను. చిక్కినాడు గాని నడువగలడు. కౌలుకిచ్చిన చేనులో ఎవరో కోసిన యాకొకటి చేతబట్టుకొని, "ఇదేమి తెగులండి?" అని యడిగెను. మేము సంచిలోని గ్లాసు తీసి తేటనీరు పోసి, ఆకును అందు నిలిపితిమి. కొంతసేపు ఇద్దరమును మాటలాడక చూచుచుంటిమి. పాలతీగ దిగెను. అతడు నవ్వి, "ఆనాడు నన్నుకూడ ఇట్లే గ్లాసులో పెట్టి చూచియుండవలసినదండి" అనెను. ఆ మాటకు మావద్ద బదులు లేదు. నాటినుండి జ్వరమని వచ్చిన ప్రతి సభ్యుని "ఏ నీటిలో దిగితివి?" అని యడుగుచున్నాము. మీరును మీ యింట, మీ కూలీలను, ఈ మాట యడుగుడు.